పద్నాలుగో నంబరు రింగు పానా

ప్రతి ఆదివారం పొద్దున్న ఏడు గంటలకు నాంచారయ్య తన భార్య మోపెడ్‌ను స్టార్టు చేసేవాడు. దాని మీద ఎక్కడికీ వెళ్లేవాడు కాదు. స్టాండు మీదే నిలబెట్టి, పెడలు నాలుగు తొక్కులు తొక్కి, ఇంజను అందుకోగానే పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి కుడి చెవికి పెట్టుకునేవాడు. పది నిమిషాలు విని, ఆపేసి, గుడ్డతో తుడిచి, మళ్లీ వరండాలో పెట్టేవాడు.

బండి తుప్పు పట్టకుండా చూసుకుంటున్నాడని వీధిలోవాళ్లు అనుకునేవారు. కూతురు హైమ కూడా అలాగే అనుకుంది.

అతను వినేది వేరు. ఏ ఇంజనైనా దాన్ని నడిపిన మనిషిని బట్టి అరుగుతుంది. భార్య రాజ్యం మలుపు వస్తే భయపడి యాక్సిలరేటరు పూర్తిగా వదిలేసేది. మలుపు దాటాక, బతికిపోయానన్న సంతోషంలో గట్టిగా తిప్పేది. ఇరవై ఏళ్లు అలా నడపడం వల్ల పిస్టను ఎడమవైపు అరిగింది. టక్. కాస్త ఆగి, టకటక. ఆటోనగర్ మూడో వీధి మలుపులో ఆ చప్పుడు వినబడితే, షెడ్డులో లారీ కింద పడుకుని ఉన్న నాంచారయ్య చేతులు కడుక్కోవడానికి లేచేవాడు. ఒంటిగంట అయిందనీ, కారియరు వస్తోందనీ దాని అర్థం.

ఆ లోపం సరిచెయ్యడం అతనికి ఒక పూట పని. ఆమె ఉండగా తీరిక లేక చెయ్యలేదు. ఆమె పోయి మూడేళ్లయింది. ఇప్పుడు తీరికే తీరిక. అయినా చెయ్యలేదు.

డీజిల్‌కు రోజులు దగ్గరపడ్డాయి. దసరాకల్లా చివరి డీజిల్ లారీ రోడ్డు దిగిపోవాలని ఉత్తర్వు వచ్చింది. ఒకప్పుడు ఇంజనీరింగు సీట్లకు బోర్డులు కట్టిన కోచింగు సెంటర్లు ఇప్పుడు మడ మొక్కలు నాటే కోర్సుకు కట్టాయి. ‘మొదటి పది ర్యాంకులూ మావే. బురదలో రోజుకు ఆరు గంటల ప్రాక్టీసు’ అని పెద్ద అక్షరాలతో రాయించాయి. పెళ్లి సంబంధాలకు వచ్చినవాళ్లు అబ్బాయి ఏం చేస్తాడని అడిగి, ఎరువు అంటే భోజనానికి ఉండేవారు, ఇంజను అంటే మంచినీళ్లు తాగి లేచేవారు. నాంచారయ్య పట్టుబట్టి హైమను మెకానికల్‌లో చేర్పించాడు. ఆమె రెండో సంవత్సరంలో ఉండగానే డీజిల్ ఇంజన్ల పాఠం తీసేశారు. మూడో సంవత్సరంలో ఆ పాఠం చెప్పే మాస్టారినీ తీసేశారు. చివరికి ఆమెకు వృత్తి మార్పిడి కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. ఆ కేంద్రంలో ఒక కుర్చీ ఉంది. దాన్ని నడపడమే ఆమె పని.

చూడ్డానికి అచ్చం క్షౌరశాల కుర్చీ. తల మీదికి ఒక గిన్నె దిగుతుంది. ఎరువు తయారుచెయ్యడం నేర్చుకోవాలంటే మూడేళ్లు పడుతుంది. ఆ కుర్చీలో అయితే ముప్పావుగంట. కాకపోతే బుర్రలో కొత్త పనికి చోటు కావాలి గనక, పాత పని ఖాళీ చెయ్యాలి. కూర్చున్నవాడు పాత పనిని చేతులతోనూ మనసుతోనూ చేస్తూ ఉండాలి. గిన్నె దాన్ని పట్టుకుని కరిగించేస్తుంది. చేస్తున్నది కరుగుతుంది, చెయ్యనిది మిగులుతుంది. తర్వాత ఆ ఖాళీలో తిరుపతమ్మగారి పనితనం పోస్తారు.

తిరుపతమ్మగారికి అరవై ఏడేళ్లు. తడిచెత్త పిడికెడు తీసి, పిసికి, వాసన చూసి, ఎరువు కావడానికి ఇంకా ఎన్ని రోజులు పడుతుందో తేదీతో సహా చెప్పేవారు. ఆ పనితనాన్ని కాపీ తీసి మొదటి జట్టులో పన్నెండు మంది మెకానిక్కులకు ఇచ్చారు. అందరూ బ్రహ్మాండంగా పని చేశారు. అయితే చెత్తకుప్ప ముందు వంగబోయే ముందు ఆ పన్నెండు మందీ, మీసాలవాళ్లూ పొట్టలవాళ్లూ అందరూ, లేని పైటచెంగు తీసి నడుముకు దోపుకోవడం మొదలుపెట్టారు. పనితనంలోంచి ఆ దోపుకోవడాన్ని విడదీయడం శాస్త్రవేత్తల వల్ల కాలేదు.

*

“నాన్నా, వచ్చే బుధవారానికి నీ పేరు రాశాను,” అంది హైమ అన్నం వడ్డిస్తూ.

“దేనికి?”

“కుర్చీకి.”

“నాకిప్పుడు క్షవరం అక్కర్లేదమ్మా.”

“నాన్నా!”

“ఏంటమ్మా!”

“ఆటోనగరంతా నన్నే అడుగుతున్నారు, మమ్మల్నందర్నీ కూర్చోబెడతన్నావ్, మీ నాన్న సంగతేంటని. ఏం చెప్పమంటావ్?”

నాంచారయ్య పప్పులో నెయ్యి కలుపుకున్నాడు.

“చెవి పోతుందా?” అన్నాడు చివరికి.

“చెవెందుకు పోతుంది? అన్నీ వినపడతాయి. ఇంజను చప్పుడు కూడా వినపడుతుంది. అదేం చెప్తోందో తెలీదు, అంతే.”

“అంతే,” అన్నాడు నాంచారయ్య.

వరండాలో మోపెడ్ ఉంది. అటు చూడకుండా అన్నం తిన్నాడు. కూతురిని ఒకసారి తన పట్టుదలతో తప్పుదారిలో పెట్టాడు. ఇప్పుడు ఆమె పదిమందిలో తలెత్తుకుని తిరిగే ఉద్యోగానికి తానే అడ్డు పడుతున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, “సరే, బుధవారమే కదా,” అన్నాడు.

అంత సులువుగా ఒప్పుకున్నందుకు హైమ అనుమానించాల్సింది. కానీ సంతోషించింది.

నాంచారయ్య ఆలోచన మెకానిక్ ఆలోచన. చేస్తున్నదే కరుగుతుందంటే, చేతులతో స్క్రూడ్రైవరు పట్టుకుని, మనసులో వేరేది చేస్తూ కూర్చుంటే ఆ వేరేదే కరుగుతుంది. ఏది ఇచ్చేస్తే నష్టం లేదు? పేకాట. ముప్పై ఏళ్లుగా రమ్మీ ఆడుతున్నాడు. అది పోతే ఇంట్లో సంతోషించేవాళ్లేగానీ ఏడ్చేవాళ్లు లేరు. సోమ, మంగళవారాలు రెండూ అదే సాధన చేశాడు. చెవికి స్క్రూడ్రైవరు, మనసులో పదమూడు ముక్కలు.

*

బుధవారం కేంద్రం ముందు బెంచీ మీద లేత్ మిషను ఏసుపాదం కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకుంటున్నాడు. ఆటోనగర్‌లో నాంచారయ్య షెడ్డుకూ అతని షెడ్డుకూ మధ్య ఒకటే రేకు గోడ. ఇద్దరికీ ముప్పై ఒక్క ఏళ్లుగా పడదు.

“నువ్వెందుకొచ్చావ్?” అన్నాడు నాంచారయ్య.

“చూద్దామని.”

“నీ లేతుకు కూడా మూడిందా?”

“నాదానికేం? కరెంటు మీద తిరుగుద్ది. గవర్నమెంటువాళ్లు వచ్చి చూసి, నువ్వు పచ్చగా ఉన్నావయ్యా అని సర్టిఫికెట్టిచ్చి వెళ్లారు. నువ్వే నల్లగా ఉన్నావంట.” నోట్లో రెండు గింజలు వేసుకున్నాడు. “అది సరేగానీ, బుర్ర కడిగించుకుంటన్నావ్ కదా, లోపలికెళ్లేముందు పానా సంగతి ఒప్పేసుకో. తర్వాత నీకు గుర్తుండదు, నాకు రుజువుండదు.”

“ఏంటి నేను ఒప్పుకునేది?”

“పద్నాలుగో నంబరు రింగు పానా. నా సామాన్ల పెట్టెలోంచి నువ్వే తీశావని.”

“నేను తీశానా! నీ బావమరిది పెళ్లికి జీపు కదలకపోతే, ఒక్క పూట ఇవ్వు నాంచారయ్యా అని బతిమాలి పట్టుకెళ్లింది ఎవడు? దాని మీద నా పేరులో మొదటక్షరం కొట్టుంది!”

“ఉంటే చూపించు.”

“నీ దగ్గరున్నదాన్ని నేనెట్టా చూపిస్తాను!”

“నాన్నా, నీ వంతు,” అని హైమ పిలిచింది. ఏసుపాదాన్ని చూసి నవ్వి, “మావయ్యా, తొక్కలు కింద పడెయ్యకు, లోపల అందరికీ వాసన తెలిసిపోతుంది,” అంది.

కుర్చీ ముందు ఒక పాత లారీ ఇంజను తిరుగుతోంది. నాంచారయ్య కూర్చుని స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టాడు. గిన్నె దిగింది. కళ్లు మూసుకుని మనసులో ముక్కలు పంచుకున్నాడు. ఇస్పేటు రాజు, కళావరు ఏడు, ఆఠీను పద్నాలుగు.

ఆఠీనులో పద్నాలుగు ఉండదు. ఆ అంకె వెంట పానా వచ్చేసింది. ‘ఉంటే చూపించు’ అంటాడా? ఎంత ధైర్యం! ముప్పై ఒక్క ఏళ్లూ కట్ట తెంచుకుని వచ్చి పడ్డాయి. జీపు తిరిగొచ్చిన రోజు, పానా తిరిగిరాని రోజు. రేకు గోడకు ఇవతల నుంచి తను అన్నవి, అవతల నుంచి వాడు అన్నవి. సంఘం ఎన్నికల్లో ఇద్దరూ ఒకరి మీద ఒకరు నిలబడి మూడోవాణ్ణి గెలిపించిన సంవత్సరం. వర్షాకాలంలో వాడి చూరు నీళ్లు తన షెడ్డులోకి, తన నీళ్లు వాడి షెడ్డులోకి మళ్లించుకున్న రోజులు. అప్పుడు తట్టని మంచి జవాబులు ఇప్పుడు తడుతున్నాయి. ఇంత రుచిగా తగువాడి చాలా కాలమైంది. పేకముక్కలు ఎక్కడో జారిపోయాయి.

తగవులన్నీ దాదాపు మిట్టమధ్యాహ్నమే జరిగేవి. అన్నీ ఒకే చోట ఆగేవి. షెడ్డు ముందు రాజ్యం దిగేది. మొదటి రోజుల్లో నడిచి వచ్చేది, తర్వాత మోపెడ్ మీద. కారియరు బల్ల మీద పెట్టి, గిన్నెలు విడదీస్తూ, ఇద్దరినీ కలిపి అనేది: “పోనిద్దురూ. అన్నం చల్లారిపోతోంది.” గోడ అవతల ఏసుపాదం కూడా నోరు మూసుకుని భోజనానికి కూర్చునేవాడు. ఆమె పోయిన తర్వాత ఈ మూడేళ్లూ తగవు ఎక్కడ ఆపాలో ఇద్దరికీ తెలియక, సాయంత్రం దాకా సాగుతోంది.

ఆ మాట తగవు చివర అతుక్కునే ఉంటుంది. గిన్నెకు తేడా ఏం తెలుస్తుంది?

*

ముప్పావుగంట తర్వాత నాంచారయ్య కళ్లు తెరిచాడు. గదిలో ఏ మూలో అరటితొక్క ఉందనీ, అది నిన్నటిదనీ తెలిసింది.

ఎన్నేళ్లది కరిగిందో చూపే అంకె హైమ యంత్రం మీద చూసింది. నలభై రెండేళ్ల పనితనం గనక నలభై రెండు రావాలి. ముప్పై ఒకటి వచ్చింది. కనుబొమలు ముడిచింది.

“ఇప్పుడు పరీక్ష నాన్నా. ఒక చప్పుడు వినిపిస్తాను. ఏం వినపడుతోందో చెప్పు.”

ఆరు సిలిండర్ల ఇంజను చప్పుడు మొదలైంది. రెండు క్షణాల్లో నాంచారయ్యకు తెలిసిపోయింది. నాలుగో సిలిండరు ఇంజెక్టరు కారుతోంది. పైగా ఎవడో దద్దమ్మ ఫ్యాన్ బెల్టు బిగువు ఎక్కువ పెట్టాడు. చెవి ఉంది! ఎగిరి గంతెయ్యాలనిపించింది. వేస్తే దొరికిపోతాడు.

“చప్పుడు,” అన్నాడు.

“ఎలాంటి చప్పుడు?”

“గట్టి చప్పుడు.”

“లోపం ఏమన్నా తెలుస్తోందా?”

జీవితంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉన్నది లేదు.

“నాకేం తెలుసమ్మా,” అన్నాడు పళ్ల బిగువున. ఇంకా నమ్మకం కలగాలని, “ఏదన్నా జంతువా?” అని కూడా అడిగాడు.

హైమ అతని ముఖం చూడలేదు. కుడికాలి బొటనవేలు చూసింది. ఇంజను నాలుగో సిలిండరు దగ్గరకు వచ్చి తడబడినప్పుడల్లా ఆ వేలు నేల మీద ఒక్కసారి కొడుతోంది. తప్పకుండా కొడుతోంది. ఆమె కాసేపు అలాగే చూసి, చప్పుడు ఆపేసి, కాగితం మీద ముద్ర వేసింది.

బయటకు వస్తుంటే బెంచీ మీద ఏసుపాదం కనిపించాడు. ఎవరో నాంచారయ్యకు తెలుసు. పక్క షెడ్డాయన, లేతు మీద మంచి చెయ్యి. అంతకు మించి ఏమీ తోచలేదు.

“ఏమండీ ఏసుపాదంగారూ, ఎండలో కూర్చున్నారేంటండీ? బాగున్నారా?”

ఏసుపాదం చేతిలో పొట్లం కింద పడింది.

“ఏంటీ?”

“అయ్యయ్యో, తొక్కలు పడేసుకున్నారే.” నాంచారయ్య లేని పైటచెంగు నడుముకు దోపుకుని, వంగి, తొక్కలన్నీ ఏరి జేబులో వేసుకున్నాడు. “ఇవి నలభై రోజుల్లో కుళ్లుతాయండీ. మంచి సరుకు.”

“పానా సంగతేంటి?” అన్నాడు ఏసుపాదం నీరసంగా.

“పానా కావాలాండీ? మా ఇంట్లో రెండు మూడున్నాయి. ఏది కావాలంటే అది పట్టుకెళ్లండి.”

ఏసుపాదం వేరుశెనక్కాయలు వదిలేసి వెళ్లిపోయాడు.

*

కంపోస్టు యార్డులో నాంచారయ్యకు వారంలోనే పేరు వచ్చింది. ముక్కు గొప్పదన్నారు. నిజానికి చెవీ ముక్కూ రెండూ పని చేస్తున్నాయి. చెత్త తరిగే మిషను బేరింగు పోతున్నట్టు మూడో రోజే వినబడింది. వినబడిందని చెప్పకూడదు గనక, దాని దగ్గరికి వెళ్లి గాలి పీల్చి, “దీని వాసన తేడాగా ఉందండీ, విప్పి చూడండి,” అన్నాడు. విప్పి చూసినవాళ్లు అతనికి దండం పెట్టారు.

పేకాట పోయిందేమోనని ఆడి చూశాడు. వరసగా ఆరు ఆటలు గెలిచాడు. ఆదివారం మోపెడ్ స్టార్టు చేశాడు. టక్. కాస్త ఆగి, టకటక. అన్నీ ఉన్నాయి. కరిగించే విషయంలో కుర్చీ ఉత్త డబ్బా అని తేల్చుకున్నాడు.

అయినా మధ్యాహ్నం కారియరు మూత తీసేటప్పుడల్లా ఏదో వెలితిగా ఉండేది. ఇంజను మొత్తం విప్పి, మళ్లీ బిగించి, స్టార్టు చేసి, అది చక్కగా తిరుగుతుంటే చేతులు తుడుచుకోబోతే, గుడ్డ మీద ఒక నట్టు మిగిలి కనిపిస్తుంది చూడండి, అలా ఉండేది.

ఇంకో వింత హైమ కంటబడింది. సాయంత్రం ఐదింటికి యార్డులో అందరూ, నాన్నతో సహా పదమూడు మందీ, చేతిలో పని ఆపి గేటు వైపు చూస్తున్నారు. ఎవరూ రారు. మళ్లీ పనిలో పడతారు. ఎందుకు చూశారని అడిగితే ఎవరికీ తెలియదు. తిరుపతమ్మగారినే వెళ్లి అడిగింది.

“ఐదింటికా?” అంది ఆవిడ. “మా ఆయన మునిసిపాలిటీ ట్రాక్టరు తోలేవాడమ్మా. ఆఖరి లోడు ఐదింటికి తెచ్చేవాడు. అంతే.” తర్వాత, కొంచెం సిగ్గుగా, “పదమూడు మంది చూస్తన్నారా?” అంది.

హైమ తిరిగి వచ్చేసరికి కేంద్రంలో ఏసుపాదం కూర్చుని ఉన్నాడు.

“అమ్మాయ్, తగువు తిరిగి పెట్టించడానికి ఫారం ఏమన్నా ఉందా?”

“ఏ తగువు మావయ్యా?”

“మాది. ముప్పై ఒక్క ఏళ్లది. మీ గిన్నె కరిగించేసింది. పొద్దున్నే నమస్కారం పెడతన్నాడు నాకు! మొన్న మా ఆవిడకు ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. నిద్రపట్టి చస్తేనా!”

ముప్పై ఒకటి. హైమ బల్ల అంచు పట్టుకుంది.

“కరిగింది రాదు మావయ్యా.”

“నీకు తెలీదులే. నువ్వప్పుడు బళ్లో ఉండేదానివి. తగువంటే ఉత్త తగువు కాదు. ఒంటిగంటకు చెల్లెమ్మ వచ్చి ఒక మాటనేది. గోడ ఇవతల నేను కూడా దాని కోసమే చూసేవాణ్ణి. ఎండ నెత్తిమీదికొచ్చిందంటే తగువు పెంచేవాణ్ణి, బాగుంటదని.” ఏమనేదో ఆమెకు చెప్పాడు. “మీ నాన్నకు తగువు లేదంటే ఆ మాట కూడా లేనట్టే.”

మర్నాడు హైమ కారియరు సర్దుతూ, సాధ్యమైనంత మామూలుగా అడిగింది. “నాన్నా, అమ్మ షెడ్డుకు అన్నం తెచ్చి ఏమనేది?”

“ఏమంటుంది? అన్నం పెట్టేది.”

“పెడుతూ ఏమనేది?”

నాంచారయ్య నోరు తెరిచాడు. కారియరు కనిపించింది, గిన్నెల నుంచి ఆవిరి, ఆమె చేతి గాజులు. ఆమె తన వైపు తిరిగింది. ఏదో అంది. అతను మళ్లీ మొదటి నుంచి తలచుకున్నాడు. మళ్లీ అక్కడికే వచ్చి ఆగాడు.

“నోరు కదులుతోందమ్మా,” అన్నాడు చివరికి. “చప్పుడు లేదు.”

వరండా వైపు చూస్తూ, పేకముక్కల సంగతీ మోపెడ్ సంగతీ మొత్తం చెప్పాడు. ఆ చప్పుడు ఒక్కటి ఉంచుకుందామనే ఇదంతా చేశానన్నాడు. హైమ కోప్పడలేదు. బొటనవేలు సంగతి ఆ రోజే చూశానని మాత్రం చెప్పింది. ఏమనేదో తాను చెప్పగలదు. కానీ కాగితం మీద రాసిచ్చినట్టు ఉంటుంది. చెప్పలేదు.

*

మరుసటి రోజు పన్నెండున్నరకు ఏసుపాదం యార్డులోకి వచ్చాడు. జేబులోంచి గుడ్డలో చుట్టిన వస్తువు తీసి, బల్ల మీద టంగుమని పెట్టాడు. పద్నాలుగో నంబరు రింగు పానా. పిడి మీద వంకరగా ‘నా’ అని కొట్టి ఉంది.

“చూడు! నా దగ్గరే ఉంది. ముప్పై ఒక్క ఏళ్లూ ఉంది. నేనే తీశాను, నేనే అబద్ధమాడాను. ఏమంటావిప్పుడు?”

నాంచారయ్య పానా తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

“పర్లేదండీ, ఉంచుకోండి. మీ చేతికి అలవాటైపోయింది.”

ఏసుపాదం ముఖం వాడిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లు దాచిన దొంగతనం ఇలా మట్టిపాలవుతుందని అతను అనుకోలేదు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. మీ షెడ్డు వాస్తు బాగోలేదన్నాడు. నాంచారయ్య ఔనండీ అన్నాడు. నీ మీసం పిల్లి మీసంలా ఉందన్నాడు. రేపు తీయిస్తానండీ అన్నాడు నాంచారయ్య. ఇక ఏం చెయ్యాలో తోచక ఏసుపాదం నిలబడిపోయాడు.

అప్పుడు దూరంగా చప్పుడు వినబడింది. రింగురోడ్డు మలుపు దగ్గర. టక్. కాస్త ఆగి, టకటక.

హైమ ఆ రోజు కారియరు మోపెడ్ మీద తెస్తోంది. నెలకొక లీటరు దొరికే పెట్రోలు పోసింది. ఆమెకూ మలుపులంటే భయమే.

నాంచారయ్య చేతులు వాటంతటవే కడుక్కోవడానికి కుళాయి వైపు వెళ్లాయి. ఏసుపాదం ఆ చేతులు చూశాడు. చెవి పెట్టి బండి చప్పుడు విన్నాడు. అతని ముఖం వెలిగింది.

“బేరింగు పోయింది దానికి,” అన్నాడు.

నాంచారయ్య ఆగాడు.

“ఏంటండీ?”

“ఆ మోపెడ్‌కు. బేరింగు. చిన్నపిల్లోడికి కూడా తెలుసుద్ది.”

“పిస్టనండీ అది.”

“బేరింగు.”

“పిస్టను. ఎడమవైపు అరిగింది.”

“ఇనప ముక్క తిరిగే చప్పుడు నీకంటే నాకు బాగా తెలుసు. బేరింగే.”

“ఏం తెలుసయ్యా నీకు!” నాంచారయ్య గొంతు యార్డంతా మోగింది. “లేతు మీద కడ్డీలు గీసుకునేవాడివి, ఇంజను లోపల ఏముందో నీకెట్టా తెలుసుద్ది? బేరింగైతే గీ అంటది. ఇది టక్ అంటది. టక్కుకీ గీకీ తేడా తెలీనోడివి నువ్వా నాకు చెప్పేది!”

“అరిచి చెప్తే పిస్టను అయిపోద్దా?”

“ఏసుపాదం!”

“ఏం నాంచారయ్యా!”

“పానా దొంగా!”

“అబ్బ,” అన్నాడు ఏసుపాదం హాయిగా. “మళ్లీ అను.”

ఎరువు కుప్పల దగ్గర పన్నెండు మందీ చేతులు నడుముకు ఆనించి నిలబడి వింటున్నారు. చెవి కరిగిపోయిన మనిషి పిస్టను గురించి అరుస్తున్నాడన్న సంగతి ఎవరికీ పట్టలేదు, లేదా పట్టనట్టు ఉన్నారు.

మోపెడ్ వచ్చి ఆగింది. హైమ ఏం అనాలో దారి పొడుగునా సాధన చేస్తూనే వచ్చింది. అమ్మలా ఎలా అనాలి, ఎంత మెల్లగా అనాలి అని. కానీ నాలుగు మలుపులు దాటి, ఎండలో చెమటకు తడిసిపోయి వచ్చేసరికి, ఇద్దరు ముసలాళ్లు ఒకరి ముక్కు దగ్గర ఒకరు వేళ్లు ఆడిస్తూ గీ అనీ టక్ అనీ అరుచుకుంటున్నారు. సాధన చేసినదంతా మర్చిపోయింది. కారియరు బల్ల మీద దబ్బున పెట్టి, గిన్నెలు విడదీస్తూ, విసుగ్గా అంది:

“పోనిద్దురూ. అన్నం చల్లారిపోతోంది.”

ఏసుపాదం నోరు మూసుకున్నాడు.

నాంచారయ్య వేలు గాలిలోనే ఉండిపోయింది. తల కొంచెం కుడివైపు వంచాడు, స్క్రూడ్రైవరు పిడి చెవికి పెట్టుకున్నప్పుడు వంచినట్టు. ఆ మాట ఎక్కడ విన్నాడో అతనికి గుర్తు రాలేదు. గుర్తు రావడానికి అక్కడేమీ మిగల్లేదు. కానీ ‘పోనిద్దురూ’ చివర గొంతు కొంచెం వదిలేసి, ‘అన్నం’ దగ్గర గట్టిగా అందుకోవడం ఉంది చూశారూ, ఆ అరుగుదల అతనికి తెలుసు. ఏ బండి చప్పుడో రెండు క్షణాల్లో చెప్పగలడు. చెప్పలేదు. కుళాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

తిరిగి వచ్చి, లేని చెంగుతో తుడుచుకోబోయి, లుంగీకి తుడుచుకుని, బల్ల ముందు కూర్చున్నాడు. పక్కనే ఉన్న పానా తీసి జేబులో వేసుకున్నాడు.

“అదేంటి, ఉంచుకోమన్నావ్ కదా?” అన్నాడు ఏసుపాదం.

“అప్పుడన్నాను. కూర్చో, తిందువుగాని.”

ఏసుపాదం కూర్చున్నాడు. హైమ ఇద్దరికీ వడ్డించింది.

“రేపు కొంచెం ముందే రా, ఏసుపాదం,” అన్నాడు నాంచారయ్య మజ్జిగ పోసుకుంటూ. “పన్నెండున్నరకు వస్తే టైం చాలదు.”